చెమట పట్టిన నాలుక

ఆ రంగుల ఫ్యాక్టరీ క్యాంటీన్లో ముప్ఫై బల్లలున్నాయి. ఏ బల్ల మీదా ఉప్పు డబ్బా ఉండదు. నీళ్ల జగ్గు ఉంటుంది, గ్లాసులుంటాయి, సూపర్‌వైజరు మనసు బాగున్న రోజున చేతులు తుడుచుకునే కాగితాలు కూడా ఉంటాయి. ఉప్పు డబ్బా మాత్రం ఉండదు. ఇరవై రెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన మూడో రోజున, కాటా బాబాయి ఆ ముప్ఫై డబ్బాలనూ ఒక పళ్లెంలో పోగేసి స్టోరు గది అటక మీద పెట్టేశాడు. "నేను వండింది తినేవాడికి మళ్లీ ఉప్పుతో పనేంటి?" అన్నాడు. ఆ తర్వాత ఆ హాల్లో ఒక్కరంటే ఒక్కరు ఉప్పు అడగలేదు. ఈ సంగతి రోజుకి ఒక్కరికైనా చెప్పకపోతే ఆయనకి తిన్నది అరిగేది కాదు.

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆయనకి ఒకటుంది గానీ అది హాజరు పట్టీ దాటి బయటికి రాలేదు. ఆయన గుప్పెడు ఉప్పు తీస్తే గ్రాము అటూ ఇటూ కాదని ఎవరో ఒకప్పుడు "కాటా" అన్నారు, అదే ఖాయమైపోయింది. చిన్నవాళ్లకి కాటా బాబాయి, పెద్దవాళ్లకి ఉత్త కాటా. రుచి చూడటంలో కూడా ఆయనకో పద్ధతుంది. పొయ్యి పక్కన నిలబడి చూడడు. గరిటెలో కాస్త సూపు తీసుకుని వెనక కిటికీ దగ్గరికి వెళ్తాడు, మొహం తుడుచుకుంటాడు, చన్నీళ్లు పుక్కిలిస్తాడు, అరనిమిషం ఊరికే కూర్చుంటాడు. అప్పుడు నాలుక మీద వేసుకుంటాడు. వేడి మీదున్న నాలుక అబద్ధం చెబుతుందని పని నేర్పినాయన చెప్పాడట. ఆ అరనిమిషం వంటగదిలో ఎవరూ గిన్నె కూడా చప్పుడు చెయ్యకూడదు. మూడొందల మంది నోళ్ల తరఫున ఒక నాలుక తీర్పు చెబుతోంది కదా మరి.

అలాంటి మనిషి ఇంట్లోకి కోడలు ఒక తూకం మిషను పట్టుకొచ్చింది.

కోడలు అదే ఫ్యాక్టరీలో, రంగులు కలిపే ల్యాబులో పని చేస్తుంది. నలుపు అర గ్రాము ఎక్కువ పడితే డబ్బాడు పసుపు బురద రంగుకి తిరుగుతుంది కాబట్టి గ్రాముల దగ్గర ఆ పిల్లకి ఎవరి మీదా నమ్మకం లేదు, తన మీద కూడా. మొగుడు లారీ తోలుతూ వారంలో నాలుగు రోజులు ఊళ్లో ఉండడు. ఆ నాలుగు రోజులూ, ఉన్న మూడు రోజులూ కూడా, తెల్లారగానే పరుగెత్తడం ఆమె అలవాటు. ఆ చుట్టుపక్కల పన్నెండు ఫ్యాక్టరీలకి ఏటా ఒక పందెం జరుగుతుంది, ముప్ఫై కిలోమీటర్లు, ఫ్యాక్టరీకి ఐదుగురు. నిరుడు ఇరవై మూడో కిలోమీటరు దగ్గర ఆమె కూలబడిపోయింది. దారిలో కనపడిన ప్రతి బల్ల దగ్గరా ఆగి గ్లాసులకి గ్లాసులు మంచినీళ్లు తాగింది పాపం, అయినా పిక్కలు కొయ్యల్లా బిగుసుకుపోయాయి, తాగిందంతా కక్కుకుంది. గుడారంలో ఉన్న డాక్టరమ్మ ఆమె నల్ల టోపీ తీసి చూపించిందట. అంచు చుట్టూ తెల్లటి చారలు. "ఇదంతా నీ ఒంట్లోంచి పోయిన ఉప్పే. ఉప్పు పోగొట్టుకుని వట్టి నీళ్లు నింపుకుంటే ఒళ్లేం చేస్తుంది?" అందట.

షాపులో దొరికే నారింజ రంగు సీసాలు ఆమెకి పడలేదు. ఆ తీపికి కడుపులో తిప్పేది. దాంతో ఈ ఏడు ఇంట్లోనే కలుపుకుందామని నిశ్చయించుకుంది.

"మామయ్యా, మీకు అడ్డం లేకపోతే ఈ గట్టు మీద ఇది పెట్టుకోనా?"

"ఏంటమ్మా అది?"

"కాటా."

అంట్లు కడుగుతున్న అత్తగారు వెనక్కి తిరక్కుండానే, "ఇంట్లో ఒకటి సరిపోలేదా?" అంది.

కోడలు లీటరు నీళ్లు కాచి చల్లార్చింది. నలభై గ్రాముల పంచదార, రెండు గ్రాముల ఉప్పు తూచి వేసింది, రెండు నిమ్మకాయలు పిండింది. కాటా బాబాయి మొహం తుడుచుకుని, పుక్కిలించి, అరనిమిషం కూర్చుని, ఒక గుక్క తాగి, అంతా సింకులో ఉమ్మేశాడు.

"ఏడ్చినప్పుడు కన్నీళ్లు నోట్లోకి జారితే ఇలాగే ఉంటుందమ్మా. ఇంట్లో నేనుండగా నీకీ ఖర్మేంటి? ఆ మిషను లోపల పెట్టు. నేను కలుపుతా."

కలిపాడు. అందులో వంక పెట్టడానికేం లేదు. నిమ్మకాయ తొక్క కొద్దిగా గీరి వేశాడు, పంచదార ఒక చెంచా పెంచాడు, ఉప్పు ఉందా లేదా అన్నట్టు వేశాడు. మర్నాడు క్యాంటీన్లో పందెం జట్టు ఐదుగురూ తాగి లొట్టలేశారు. సూపర్‌వైజరు ఒక సీసా ఇంటికి పట్టుకుపోయాడు. అతను పరుగెత్తడు, అతని బండి ఎప్పుడైనా ఆగిపోతే దాన్ని కూడా తొయ్యడు. అయినా పట్టుకుపోయాడు. కాటా బాబాయి ఆ రోజంతా నేల మీద నడవలేదు.

ఆదివారం జట్టు పదిహేను కిలోమీటర్లు పరుగెత్తింది. పన్నెండో కిలోమీటరు దగ్గర, జట్టులో ఒకడైన స్టోర్ కీపరు పిక్క పట్టేసి రోడ్డు పక్కన కూర్చుని బూట్లు విప్పేశాడు. అతని కాలి బొటనవేలు పట్టుకుని ఇద్దరు వెనక్కి లాగుతుంటే అతను ఎవరెవరినో తలుచుకుని ఏడ్చాడు. కోడలు పూర్తి చేసింది గానీ, ఆఖరి రెండు కిలోమీటర్లూ కుంటుతూనే.

సాయంత్రం ఆమె మామగారి ముందు చిన్న పళ్లెం పెట్టింది. "లీటరుకి ఉప్పు ఎంత వేస్తున్నారో ఇందులో వెయ్యండి మామయ్యా."

ఆయన వేశాడు. మిషను అర గ్రాము చూపించింది.

"రుచికి అంతే పడుతుంది," అన్నాడు.

"రుచికి అంతే. కాళ్లకే చాలట్లేదు." ఆ పిల్ల గొంతు పెంచలేదు, అదే ఇంకా ఒళ్లు మండించింది. "తాగడానికి బ్రహ్మాండంగా ఉంది మామయ్యా. పరుగెత్తడానికే పనికిరావట్లేదు. మీరు కూర్చుని రుచి చూస్తున్నారు, మేం పరుగెత్తి తాగుతున్నాం. ఒక్క రోజు మాతో వచ్చి, చెమట పట్టాక చూడండి, మీకే తెలుస్తుంది."

ముప్ఫై ఏళ్లుగా వంట చేస్తున్న మనిషిని పట్టుకుని నిన్న మొన్న వచ్చిన కోడలు 'మీకే తెలుస్తుంది' అంటే ఎలా ఉంటుంది? అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట మీదే మర్నాడు తెల్లవారకముందే లేచి, కొడుకు పాత బూట్లు వేసుకుని బయల్దేరాడు. పొయ్యి నుంచి స్టోరుకి, స్టోరు నుంచి పొయ్యికి తప్ప ఎన్నడూ నడిచి ఎరగని మనిషి. ఫ్యాక్టరీ ప్రహరీ చుట్టూ ఒక చుట్టు కిలోమీటరున్నర. మొదటి రోజు సగం చుట్టుకే గేటు వాచ్‌మన్ కుర్చీ అడిగి తీసుకుని కూర్చున్నాడు. వాచ్‌మన్ మంచివాడు, అంబులెన్సు పిలవమంటారా అని మెల్లిగా అడిగాడు.

పంతం అనేది మహా చెడ్డది, అది మోకాళ్లని లెక్కచెయ్యదు. మూడు వారాలకి ఆయన రెండు చుట్లు, ఐదు వారాలకి నాలుగు చుట్లు పరుగెత్తాడు. పరుగంటే మనం అనుకునే పరుగు కాదు, నడకకి కాస్త తొందరెక్కువైతే ఎలా ఉంటుందో అలా. నాలుగో చుట్టు పూర్తయిన రోజున చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది, కళ్లలోకి చెమట దిగి మండుతోంది, పెదాలు నాక్కుంటే ఉప్పగా ఉంది. కోడలు తన సీసా మూత తీసి ఇచ్చింది. అదే రెండు గ్రాముల నీళ్లు.

ఒక గుక్క తాగి ఆగాడు. ఇంకో గుక్క తాగాడు. తర్వాత సీసా దించకుండా తాగేశాడు. ఎక్కడా ఉప్పు తగల్లేదు. తీపీ పులుపూ ఉప్పూ ఒకదాన్నొకటి పట్టుకుని, ఏదీ మీరకుండా, చల్లగా లోపలికి దిగిపోయాయి. తన చేత్తో తాను కలిపినా అంత బాగా కుదరదని ఆయనకే అనిపించింది. గేటు గట్టు మీద కూర్చుని చాలాసేపు ఖాళీ సీసా చూస్తూ ఉండిపోయాడు. భయం వేసింది. ఏ నాలుక దీన్ని సింకులో ఉమ్మేసిందో, ఆ నాలుకే ఇప్పుడు ఇంకొంచెం ఉందా అని అడుగుతోంది.

"ఏంటి మామయ్యా, బాలేదా?"

"బానే ఉందిలే," అన్నాడు. ఓడిపోయానని అంతకంటే పెద్దగా చెప్పడం ఆయనకి రాదు.

అక్కడితో ఆగితే ఆయన కాటా ఎందుకవుతాడు? రెండు రోజులకల్లా ఓటమిని గెలుపు కింద మార్చేసుకున్నాడు. తన నాలుక తప్పు కాదు, దాన్ని తీసుకెళ్లిన తీరు తప్పు. జట్టు కోసం కలిపేది జట్టు నాలుకతోనే చూడాలి. ఇకనుంచి పరుగెత్తి వచ్చి, చెమటలు కారుతుండగా తానే కలుపుతాడు, తూకం అక్కర్లేదు. అలాగే కలిపాడు. కోడలు ఆయన తీసిన చిటికెల్ని మిషను మీద వేయించింది. సరిగ్గా రెండు గ్రాములు. మళ్లీ తీయించింది. మళ్లీ రెండు. ఆ పిల్ల మొదటిసారి నోరు తెరిచి, "అమ్మో" అంది. ఆయన మీసం మెలేసి భార్య వైపు చూశాడు. భార్య కూరలు తరుగుతోంది.

అప్పట్నుంచి ఆయన రోజు మారిపోయింది. ఐదున్నరకి పరుగు, ఆరున్నరకి సీసాలు కలపడం, ఏడింటికి నేరుగా క్యాంటీన్. సూపు కాగేది, ఆయన గరిటె పట్టుకుని కిటికీ దగ్గరికెళ్లి మొహం తుడుచుకుని, పుక్కిలించి, అరనిమిషం కూర్చునేవాడు. ఆరు కిలోమీటర్ల చెమట ముందు అరనిమిషం ఏపాటిది? సూపు చప్పగా తగిలేది. ఈ మధ్య ఉప్పు నాసిరకం వస్తోందని గొణుక్కుంటూ ఇంకో గుప్పెడు వేసేవాడు. కూరా అంతే. ఇంకో గుప్పెడు.

జనం తిన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నీళ్లు తాగారు. ఎవరూ కిమ్మనలేదు. ఇరవై రెండేళ్లుగా ఉప్పు అనే మాటే వినపడని హాల్లో ఆ మాట ముందుగా ఎవరంటారు? పందెం జట్టు ఐదుగురు మాత్రం గిన్నెలు నాకి, "ఈ మధ్య మీ చెయ్యి అదిరిపోతోంది బాబాయ్" అన్నారు. వాళ్ల మాటే ఆయన చెవికెక్కింది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నీళ్ల డ్రమ్ము అడుగంటుతోందని సూపర్‌వైజరు రెండో డ్రమ్ము తెప్పించాడు. సిబ్బందిలో ఆరోగ్య స్పృహ పెరిగి నీళ్లు బాగా తాగుతున్నారని పైవాళ్లకి రాసి, మెప్పు కూడా పొందాడు.

వడ్డన అయ్యాక కాటా బాబాయి ఇంటికెళ్లి భార్య చేతి వంట తినేవాడు. క్యాంటీన్ భోజనం ఆయన తినడు, ఎప్పుడూ తినలేదు. ఒక మధ్యాహ్నం కూర నోట్లో పెట్టుకుని, ఆలోచించకుండానే లేచి వెళ్లి ఉప్పు తెచ్చి చల్లుకున్నాడు. ముప్ఫై ఏళ్ల కాపురంలో అదే మొదటిసారి. చల్లుకున్నాక గానీ ఏం చేశాడో తెలియలేదు. మర్నాటి నుంచి ఆయన కంచం పక్కన ఉప్పు డబ్బా భార్యే పెట్టడం మొదలుపెట్టింది. ఆవిడ మనసు కష్టపడిందని ఆయనకి గుచ్చుకుంది. పందెం అయిపోయాక ఏదో ఒకటి చెప్పి సర్దుకోవాలనుకున్నాడు. అనుకుని డబ్బా అందుకున్నాడు.

పందెం రోజు రానే వచ్చింది. జట్టు సీసాలు పెట్టడానికి పదో కిలోమీటరు దగ్గర, పద్దెనిమిది దగ్గర, ఇరవై ఐదు దగ్గర బల్లలిచ్చారు. ఇరవై ఐదు దగ్గర తానే నిలబడతానన్నాడు కాటా బాబాయి. నిరుడు ఆ పిల్ల అక్కడిదాకా రాలేదు. ఎండ ముదిరింది. ఎవరెవరో వచ్చారు, పోయారు, వేరే ఫ్యాక్టరీవాళ్లు ఇద్దరు బల్ల కాళ్లు పట్టుకుని కూలబడ్డారు. వాళ్లకీ తలో సీసా ఇచ్చాడు. దూరంగా నల్ల టోపీ కనపడేదాకా ఆయన కూర్చోలేదు. ఆమె కణతల మీద తెల్లటి పొడి మెరుస్తోంది, కాళ్లు మాత్రం సాఫీగా పడుతున్నాయి. సీసా అందుకుని, సగం తాగి, "సరిగ్గా ఉంది మామయ్యా" అని వెళ్లిపోయింది. అంతే. ఆ నల్ల టోపీ కనుమరుగయ్యేదాకా చూసి, ఆయన భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. పక్కనున్న వాళ్లతో చెమట అన్నాడు.

ఐదుగురూ పూర్తి చేశారు. ఆ ఫ్యాక్టరీ చరిత్రలో ఐదుగురూ తమ కాళ్ల మీద తాము ఇంటికి రావడం అదే మొదలు. మూడో స్థానం, రేకు కప్పు.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్లో సన్మాన భోజనం. వడ్డనకి సూపర్‌వైజరు కాటా బాబాయిని గరిటె ముట్టుకోనివ్వలేదు. తెల్ల చొక్కా వేయించి, నడిమి బల్ల దగ్గర, కప్పు పక్కన కూర్చోబెట్టాడు. పొద్దున్న అలవాటు కొద్దీ పరుగెత్తి వచ్చి, చూసి, ఉప్పు వేసి, వంటంతా ఆయనే చేశాడు. ఆ తర్వాత ఒళ్లు ఆరింది, రెండు సీసాలు తాగాడు, టీ తాగాడు, నీడలో గంటసేపు కూర్చున్నాడు. ఇప్పుడు నాలుక చల్లగా, మంచి మర్యాదస్తుల నాలుకలా ఉంది.

సూపర్‌వైజరు లేచి గొంతు సవరించుకున్నాడు. "ఇరవై రెండేళ్లుగా ఈ హాల్లో ఉప్పు డబ్బా లేదు. ఎవరికీ అవసరం రాలేదు. అదీ మన కాటా బాబాయి నాలుక. ఆ నాలుకే మన జట్టుని గెలిపించింది." చప్పట్లు మోగాయి. కాటా బాబాయి తలొంచుకుని, సిగ్గుపడుతూ, చెంచాడు సూపు నోట్లో పోసుకున్నాడు.

మింగలేకపోయాడు. ఉమ్మేయడానికి వీల్లేదు, పక్కన రేకు కప్పు, ఎదురుగా సూపర్‌వైజరు. కళ్లు మూసుకుని మింగి, నీళ్ల గ్లాసు అందుకున్నాడు. అప్పుడు హాలంతా చూశాడు. ఎటు చూసినా చెంచా నోట్లో పెట్టుకోవడం, వెంటనే గ్లాసెత్తడం. చెంచా, గ్లాసు. ఇంచుమించు అందరి చేతులూ ఒకే వరసలో లేస్తున్నాయి, ఎన్నో రోజుల నుంచి అలవాటైన వాళ్లలా. మూలనున్న రెండో డ్రమ్ము ఎందుకొచ్చిందో ఆయనకి అర్థమైంది. తల తీసేసినట్టయింది.

ఆయన లేచి నిలబడ్డాడు. ఏదో ఉపన్యాసం ఇస్తాడని అందరూ చెంచాలు దించారు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

అప్పుడు స్టోర్ కీపరు పక్క బల్ల నుంచి ఎవరో, ఆయన్ని ఓదార్చాలన్న మంచి ఉద్దేశంతోనే, "ఇవాళ కాస్త నయం బాబాయ్" అన్నారు.

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. నెల రోజులుగా ఇదే వరస అట. మరి చెప్పరేం అని అడిగితే తలో మాటా అన్నారు. ఒకతను తన నోరే పాడైందనుకున్నాడు. ఒకావిడ బీపీ చూపించుకుని వచ్చింది. "మీరు వేసిన ఉప్పు తప్పెలా అవుతుంది బాబాయ్, మా నాలుకలే తేడా అనుకున్నాం," అంది. ఆ మాట ఆయనకి నవ్వులకంటే గట్టిగా తగిలింది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పక్కన ఉప్పు డబ్బా ఉంది. దాన్ని దూరంగా నెట్టి, కూర నోట్లో పెట్టుకున్నాడు. చల్లారిన నాలుకకి కూడా కూర చప్పగానే ఉంది.

"ఏమోయ్, ఇందులో ఉప్పు తక్కువ వేశావా?"

"తక్కువేం కాదు. నాకు సరిపోయేంత వేశా."

"ఎప్పట్నుంచి?"

"మీరు పైన చల్లుకోవడం మొదలుపెట్టినప్పట్నుంచి." ఆవిడ తన కంచంలో కూర వడ్డించుకుంది. "నాకు మొదట్నుంచీ ఉప్పు తక్కువే ఇష్టమండీ. ముప్ఫై ఏళ్లు మీ నోటికి తగ్గట్టు వండాను. ఎలాగూ మీరు చల్లుకుంటున్నారు కదాని ఈ నెల నా నోటికి తగ్గట్టు వండుకున్నా. హాయిగా తిన్నా."

ఆవిడ బాధపడుతోందని ఆయన నెల రోజులు బెంగపెట్టుకున్నాడు, ఆవిడ చూస్తే ఎదురుగా కూర్చుని ఎన్నడూ లేనంత ఇష్టంగా తింటోంది. మారు వడ్డించుకోవడం కూడా కనిపించింది. ముప్ఫై ఏళ్లలో ఆవిడ మారు వడ్డించుకోవడం తను ఎప్పుడైనా చూశాడా అని ఆలోచించాడు. గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం కోడలు వచ్చేసరికి ఆయన వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"అమ్మాయ్, ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాల ఉప్పయితే, ఆ హాల్లో మూడొందల మందికీ?"

కోడలు బూట్లు విప్పుతూ ఆగింది. "డబ్బాలు దించేద్దామా మామయ్యా?" అని మెల్లిగా అడిగింది. ఆయన తలూపాడు.

మంగళవారం పొద్దున్న ఆయన పరుగుకి వెళ్లలేదు. అటక మీది పళ్లెం దించి, ముప్ఫై డబ్బాలూ కడిగి ఆరబెట్టి, ఉప్పు పోసి, బల్లకొకటి పెట్టాడు. ఆ చేతుల్తోనే తీశాడు, ఆ చేతుల్తోనే పెట్టాడు. వంట తన పాత లెక్కనే చేశాడు, కిటికీ దగ్గర అరనిమిషం కూర్చుని, చల్లటి నాలుకతో చూసి. మనసు మూలలో చిన్న ఆశ ఒకటి ఉంది. ఇదే తన అసలు చెయ్యి, డబ్బాలు ఎవరూ ముట్టుకోరు, పోయిన పరువు సాయంత్రానికల్లా తిరిగొస్తుంది.

మొదటి వరస తినడం మొదలుపెట్టగానే హాల్లోకి వచ్చాడు. ఆఫీసువాళ్ల బల్ల మీద డబ్బా ముట్టలేదు. రంగులు కలిపేవాళ్ల బల్ల మీద ఇద్దరు ముగ్గురు చల్లుకున్నారు. గోడ వారగా, లోడింగ్ కూలీల బల్ల ఉంటుంది. రోజంతా ఎండలో పాతిక కిలోల డబ్బాలు లారీలకెత్తేవాళ్లు. వాళ్ల చొక్కాల వీపుల మీద తెల్లటి చారలు, కోడలి టోపీ మీద ఉండేలాంటివి, కాకపోతే ఇంకా వెడల్పుగా. ఇన్నేళ్లూ ఆయన ఆ చారల్ని సున్నం అనుకున్నాడు, గోడకి ఆనుకుంటారు కాబోలు అనుకున్నాడు. ఆ బల్ల మీద డబ్బా నిండుగా, మూత కూడా తియ్యకుండా ఉంది. ఆయన గుండె కుదుటపడింది. ఎవరికి నచ్చకపోయినా వీళ్లకి తన చెయ్యి నచ్చింది.

దగ్గరికి నడిచాడు. లోడింగ్ మేస్త్రి తలొంచుకుని, ఎడం చెయ్యి బల్ల కింద పెట్టుకుని ఉన్నాడు. కాటాకంటే రెండేళ్లు పెద్ద, ఈ ఏడాదే రిటైరు. ఆ చెయ్యి పైకొచ్చింది. వేళ్ల మధ్య మడత పెట్టిన చిన్న కాగితం పొట్లం. దాన్ని అరచేతి చాటున సూపు మీద వంచి, రెండు సార్లు తట్టి, చటుక్కున చొక్కా జేబులో వేసుకున్నాడు. పక్కవాడూ అదే చేశాడు. ఆ పక్కవాడూ. అప్పుడు మేస్త్రి తలెత్తి కాటాని చూశాడు. దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా అయిపోయింది అతని మొహం.

"ఎదురుగా డబ్బా ఉందిగా," అన్నాడు కాటా బాబాయి.

"అలవాటు తమ్ముడూ. చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది."

"ఈ నెల ఉప్పెక్కువైందిగా. అప్పుడు కూడానా?"

"అప్పుడు అక్కర్లేకపోయింది. ఈ నెల మాకు బానే ఉంది. ఎందుకులే అని చెప్పలేదు."

"ఎప్పట్నుంచి ఇది?"

మేస్త్రి చెంచా గిన్నెలో తిప్పాడు. అబద్ధం చెబుదామా అని చూసి, మానుకున్నాడు. "నువ్వు డబ్బాలు తీసేసిన నాలుగో రోజు నుంచి. నీ వంటకి వంక పెట్టినట్టుంటుందని బల్ల కిందనుంచి వేసుకునేవాళ్లం. కొత్తగా చేరినవాడికి ముందు అదే చెప్పేవాళ్లం, కాటా చూడకుండా వేసుకోమని."

కాటా బాబాయి ఆ బల్ల దగ్గరే, ఖాళీగా ఉన్న చోట కూర్చున్నాడు. కోపం రాలేదు. వస్తే బాగుండేది. ఇరవై రెండేళ్లుగా రోజుకొకరికి చెప్పుకున్న మాట ఒక్కొక్కటే వెనక్కి తిరిగొచ్చి ఎదుట నిలబడింది. ఐదుగురి పరుగు కోసం తను మోకాళ్లరగదీసుకున్నాడు, గ్రాములు నేర్చుకున్నాడు. రోజూ పరుగెత్తేంత కష్టం చేసేవాళ్లు గోడ పక్కనే కూర్చుని, తన పరువు కోసం ఉప్పు దొంగల్లా బతికారు.

బుధవారం పొద్దున పది గంటలకి, ఎండ ఎక్కే వేళకి, లారీలకి సరుకెత్తే చోటికి నలభై లీటర్ల డ్రమ్ము ఒకటి వచ్చింది, సూపర్‌వైజరు ఆరోగ్య స్పృహ కోసం తెప్పించిన రెండో డ్రమ్మే. తోపుడు బండి మీద తోసుకొచ్చింది కాటా బాబాయి. అందులో పదహారొందల గ్రాముల పంచదార, ఎనభై నిమ్మకాయలు, కోడలి మిషను మీద తూచిన ఎనభై గ్రాముల ఉప్పు. కూలీలు పని ఆపి చుట్టూ చేరారు. ఆయన గరిటెతో ముంచాడు. అలవాటు కొద్దీ నోటి దాకా తీసుకెళ్లి, ఆగి, గరిటె మేస్త్రికి ఇచ్చాడు.

"నువ్వు చూసి చెప్పన్నా."

మేస్త్రి భుజం మీది చెమట తుడుచుకుని తాగాడు. ఇంకోసారి ముంచుకుని తాగాడు. కాటా మొహంలోకి చూశాడు, కూలీల వైపు చూశాడు, నేల చూశాడు. అవతల లారీ డ్రైవరు హారను కొడుతున్నాడు, ఎవరూ కదల్లేదు.

"బాగుంది తమ్ముడూ," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఇరవై రెండేళ్లలో మొదటిసారి, "కాస్త ఉప్పు తక్కువైంది," అన్నాడు.

కాటా బాబాయి బండి మీది సంచిలోంచి ఉప్పు డబ్బా తీసి, మూత తిప్పి, అతని చేతిలో పెట్టాడు.